విమాన మెకానిక్కు నిద్ర యెవరి లెక్కలో నున్నది?

మన నెమలి మీదుగా విమానము పోవునప్పుడు పిల్లలు తలలెత్తి చూతురు. అది గన్నవరమున దిగునదియా, హైదరాబాదు పోవునదియా యని వాదులాడుకొందురు. పెద్దవారైన పిమ్మట విమానము నడపుదుమని చెప్పు బాలురును బాలికలును తరగతికి నలుగురైన నుందురు. ఆ విమానపు బోల్టులు బిగించువారము కావలెనని చెప్పినవారిని మాత్రము నేనింతవరకు చూడలేదు. నడపువాడు కంటికి కనబడును, బిగించువాడు కనబడడు. కనబడనివాని కష్టమును లెక్కించువారు తక్కువ. అందు మరియు కనబడనివాడొకడు కలడు. వాడు ఒకచోట నిలిచి పనిచేయువాడు గాక, విమానము చెడిన ఊరికెల్ల పరుగెత్తు మెకానిక్కు. వాని యలసటను గూర్చియు, వాని పనివేళలను గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

విషయమెరుగని తలిదండ్రులకై కొంత వివరింపవలసియున్నది. శంషాబాదు వంటి పెద్ద విమానాశ్రయములయందు విమానములను విప్పి చూచుటకు పెద్ద పెద్ద షెడ్లును, అన్ని పనిముట్లును, లైసెన్సు గల ఇంజినీర్లును, వారిక్రింద మెకానిక్కులును ఉందురు. గన్నవరము, మధురపూడి, రేణిగుంట, కడప వంటి చోట్ల నట్టి సంపత్తి యుండదు. వచ్చిన విమానమును పైపైన పరీక్షించి పంపుటకే యచ్చటి యేర్పాటు. అచ్చట దిగిన విమానమునకు పెద్ద లోపమేదైన బయటపడెనా, అది కదలరాదు. టిక్కెట్లు కొనిన జనులు బల్లలమీద కూర్చుండి గడియారము చూచుచుందురు. సంస్థకు ప్రతి గంటయు నష్టమే. అప్పుడు పెద్దచోటినుండి ఇద్దరు ముగ్గురు పనివాండ్రు విడిభాగములను, పానాల పెట్టెను తీసికొని బయలుదేరుదురు. తరువాతి విమానమున చోటు దొరకినచో దానిలో వత్తురు. దొరకనిచో మోటారుకారులో వత్తురు. శంషాబాదునుండి గన్నవరమునకు త్రోవ యించుమించు మూడువందల కిలోమీటర్లు.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. మన ఊరి లెక్కల పుస్తకములో రైళ్ళ లెక్కలున్నవి గదా, ఇదియు నట్టిదే యనుకొనుడు. ఒక మెకానిక్కు ఉదయము 5 గంటలకు లేచినాడు. 7 గంటలనుండి సాయంకాలము 7 గంటలవరకు షెడ్డులో పనిచేసినాడు. ఇంటికి పోవ సిద్ధపడుచుండగా గన్నవరమున విమానము నిలిచిపోయినదని కబురు వచ్చినది. భాగములు సేకరించి, కాగితములు వ్రాయించుకొని 9 గంటలకు కారెక్కినాడు. త్రోవలో నొకచోట భోజనము చేసి, తెల్లవారుజామున 3 గంటలకు చేరినాడు. వెంటనే చేతిదీపము పట్టుకొని రెక్కక్రింద దూరినాడు. 5 గంటలకు పని ముగించి సంతకము చేసినాడు. ఈ సంతకము చేయు నిమిషమునకు వాడు మేలుకొని యెన్ని గంటలైనది? ఇరువదినాలుగు గంటలు. కాని రెండవ దినపు చిట్టాలో వాని పని ఎన్ని గంటలని వ్రాయుదురు? కొన్నిచోట్ల రెండే గంటలు! కారులో గడచిన ఆరుగంటలు ప్రయాణమట, పని కాదట. ఈ వాదమునకు నేనొప్పుకొనను. కారులో కూర్చుండి కునుకుపాట్లు పడుట నిద్రయైనచో, మనము రాత్రి బస్సులో విజయవాడనుండి మద్రాసు పోయి దిగినప్పుడు పరుండి లేచినంత హాయిగా నుండవలెను. ఎవరికైన నట్లున్నదా?

ఊరూర తిరుగు మెకానిక్కు క్రొత్తగా పుట్టినవాడు కాడు. మొట్టమొదటి విమాన మెకానిక్కే యట్టివాడు. 1903 సంవత్సరమున రైటు సోదరుల విమానమునకు పండ్రెండు గుర్రముల శక్తి గల యింజనును ఆరు వారములలో తయారుచేసిన చార్లెస్ టేలరు పేరు మన విద్యార్థులు వినియుండరు. సోదరుల పేర్లు పాఠములో నున్నవి. ఇతని పేరు లేదు. 1911లో కాల్‌బ్రెయిత్ రాడ్జర్సు అను నతడు అమెరికాలో తూర్పు సముద్రతీరమునుండి పడమటి తీరమునకు విమానముపై బయలుదేరెను. క్రింద పట్టాలమీద నొక ప్రత్యేకపు రైలు విడిభాగములతో నతని వెంబడించెను. రోజునకు పది డాలర్ల కూలికి టేలరా రైలులో మెకానిక్కుగా చేరెను. రాడ్జర్సు న్యూయార్కు విడిచినది సెప్టెంబరు 17వ తేది. పసదేనా చేరినది నవంబరు 5వ తేది. ఈ నడుమ విమానము పలుమారులు కూలెను, పలుమారులు బాగుచేయబడెను. కడకు చేరినప్పుడు మొదటి యంత్రమునందలి భాగములు కొద్దియే మిగిలియుండెనట. ఆకాశమున నున్నవాడు రాత్రులందు దిగి విశ్రమించవచ్చును. విరిగిన రెక్కను మరునాటికి నిలబెట్టవలసినవారికి రాత్రియే పనివేళ. ఆనాటినుండి నేటివరకును ఈ యొక్క సంగతి మారలేదు.

ఏల మారలేదనగా, విమానము పగలు సంపాదించును. కావున మరమ్మతు రాత్రియే జరుగవలెను. 1988 ఏప్రిల్ 28వ తేదిన హవాయి దీవులలో అలోహా సంస్థవారి బోయింగు విమానపు పైకప్పు ఇరువదినాలుగువేల అడుగుల యెత్తున పెచ్చుగా లేచిపోయెను. అందున్న తొంబదియైదుగురిలో ఒక పరిచారిక ప్రాణము కోల్పోయెను. ఆ విమానము చిన్న చిన్న దూరములు దీవినుండి దీవికి పగలంతయు తిరుగునది. అప్పటికి 89,680 మారులు ఎగిరి దిగియుండెను. దాని రేకుల అతుకులలోని పగుళ్ళను పట్టుకొనవలసిన పరీక్షలు రాత్రివేళ జరుగుచుండెడివి. వందలకొలది మేకులను ఒకదానివెంట నొకటి దీపపు వెలుగున చూచుట యెంత విసుగైన పనియో, మనస్సు ఎంత సులభముగా చెదరునో విచారణ జరిపినవారు తమ నివేదికలో చర్చించిరి. ఇంటిలో మిరపకాయలేరు తల్లుల నడిగినచో ఈ సంగతి వారును చెప్పగలరు. మొదటి తట్టలో కుళ్ళినకాయ తప్పిపోదు. పదవ తట్టలో తప్పిపోవును.

దీనికంటెను నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చునది 1990 జూన్ 10వ తేదినాటి సంగతి. ఇంగ్లండులో బర్మింగుహామునుండి స్పెయినుదేశపు మలగాకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి బయలుదేరెను. 17,300 అడుగుల యెత్తున నుండగా నాయకుని యెదుటి గాజుపలక యొక్కమారుగా ఊడిపోయెను. లోని గాలి తోసుకొని పోవుటతో నాయకుడు నడుముదాక వెలుపలికి లాగబడెను. పరిచారకు లతని కాళ్ళు పట్టుకొని, చేతులు కొంకర్లు పోవుచున్నను విడువక నిలిచిరి. సహనాయకుడు విమానమును సౌతాంప్టనులో దింపెను. దైవవశమున నొక్కరును మరణింపలేదు; నాయకుడు సైతము బ్రతికి మరల విమానము నడపెను.

ఆ గాజుపలకను 27 గంటలకు ముందే క్రొత్తగా అమర్చియుండిరి. దానిని పట్టియుంచు తొంబది బోల్టులలో ఎనుబదినాలుగు ఉండవలసిన లావుకంటె సన్ననివి. ఎంత సన్ననివి? అంగుళములో వేయింట ఇరువదియారు పాళ్ళు! కంటికి తోచని తేడా. ఆ పని చేసినవాడు సోమరియా? కాడు. చేతకానివాడా? కాడు. ఆ రాత్రి షిఫ్టుకు పెద్దయైన యనుభవశాలి. పనివాండ్రు తక్కువగా నుండిరి. పని నిలిచిపోకూడదని తానే పూనుకొనెను. వేళ తెల్లవారుజామున మూడు మొదలు అయిదు గంటల నడుమ. కొన్ని వారముల పిమ్మట నతనికది మొదటి రాత్రి షిఫ్టు. పుస్తకము తెరచి బోల్టు సంఖ్య చూడవలసినది, పాతబోల్టును చేతబట్టుకొని దానికి సరియగు దానిని కంటితో నేరుకొనెను. సామానులగది పెద్ద వేరు సంఖ్య చెప్పినను తన కన్నునే నమ్మెను. బిగించునప్పుడు బోల్టు తలకును గుంటకును నడుమ మిగిలిన సందు చెప్పవలసిన సత్యమును చెప్పుచునే యుండెను. చూచు కన్నుల కది వినబడలేదు.

ఇందు గమనింపవలసినదేమన, అలసిన మనుష్యునికి తానలసితినని తెలియదు. కాలు విరిగినవానికి నొప్పి తెలియును. జ్వరము వచ్చినవానికి వేడి తెలియును. నిద్ర చాలనివానికి మొట్టమొదట పోవునది తన్నుతాను తూచుకొను శక్తియే. కావున 'నీవు బాగుగనే యున్నావా?' యని వాని నడిగి, 'బాగుగనే యున్నానండీ' యని వాడు చెప్పగా తృప్తిపడుట తూనికరాయిని తూనికరాతితోనే తూచుట వంటిది. నేను ఈ విషయమున మెకానిక్కును నిందింపను. వానిని నమ్మి సాక్ష్యమడుగువారిని నిందింతును.

1997లో డాసన్, రీడ్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు దీనిని కొలిచి చూపిరి. పదునేడు గంటలు మేలుకొనియున్నవాని చేతికిని కంటికిని గల పొందిక, రక్తమున నూటికి 0.05 పాళ్ళు మద్యము చేరినవానివలె నుండునట. ఇరువదినాలుగు గంటలు మేలుకొన్నచో అది 0.10 పాళ్ళకు సమానమగునట. మన దేశపు మోటారు వాహనముల చట్టము ప్రకారము రక్తమున 0.03 పాళ్ళు మించినచో బండి నడపుట నేరము. అనగా, పైన మనము లెక్కలో చూచిన మెకానిక్కు సంతకము చేయునప్పటికి, నేరమని చట్టము గీచిన గీతకు మూడింతల మత్తులో నున్నవానితో సమానుడు. వాడు చుక్కైన త్రాగలేదు. మద్యపానము మానుడని మన పాఠశాలలో ఎన్నో ఉపన్యాసములు విన్నాము. ఈ మత్తును గూర్చి యొక్క యుపన్యాసమును వినలేదు.

2019లో మన పౌరవిమానయాన శాఖ డైరెక్టరేటువారు విమానముల మరమ్మతు చేయువారికి సైతము, కొందరిని యెంపిక చేసి, నోట గొట్టము పెట్టి ఊదించి చూచు పరీక్షను విధించిరి. మిక్కిలి మంచి పని. కాని సారా వాసనకు గొట్టమున్నది, నిద్రలేమికి గొట్టము లేదు. అట్టి గొట్టము లేదు కావుననే గడియారమును వాడవలెను. గంటలు లెక్కించుట తప్ప వేరు మార్గము లేదని నా యభిప్రాయము. ఆ లెక్క మెకానిక్కు పని మొదలిడిన క్షణమునుండి కాక, ఇల్లు విడిచిన క్షణమునుండి వేయవలెను.

విమానము నడపువారి విషయమున గంటల లెక్క యున్నది. ఎన్నిగంటలు నడపవచ్చునో, రాత్రి యెన్నిమారులు దింపవచ్చునో, వారమునకెంత విశ్రాంతి యీయవలెనో అంకెలలో వ్రాసిరి. వారి వారపు విశ్రాంతి 36 గంటలుండగా 2025 జులై మొదలు దానిని 48 గంటలకు పెంచిరి. మెకానిక్కుల విషయమున, మరమ్మతు సంస్థలకు సంబంధించిన నియమావళిలో షిఫ్టు లేర్పరచునప్పుడు మానవశక్తికి గల హద్దులను గమనింపవలెనని యొక వాక్యమున్నది. వాక్యము చక్కగా నున్నది. దానిలో అంకె లేదు. అంకె లేని నియమము కట్టులేని బావివంటిది. అమెరికావారి నియమములో ఏడు దినములలో ఇరువదినాలుగు గంటలు వరుసగా సెలవీయవలెనని కలదు, అదియు నెలమొత్తముమీద సరిపెట్టవచ్చునట! ఇంతకంటె మేలైన సలహా 2003 ప్రాంతమున ఇంగ్లండులో ఫోకార్డు అను నాచార్యుడు అచ్చటి విమానయాన శాఖకు వ్రాసియిచ్చినది. షిఫ్టు పండ్రెండు గంటలు మించరాదు. ఓవర్‌టైముతో కలిపినను పదమూడు దాటరాదు. ఒక షిఫ్టుకును మరియొకదానికిని నడుమ పదునొకండు గంటలైన నెడముండవలెను. నాలుగు గంటలకొకమారు విరామమీయవలెను. మన లెక్కలోని మెకానిక్కు నిందు ఏ సూత్రము కాపాడునో చూడుడు. రాత్రి 7 గంటలకు వదలి, మరల ఉదయము 6 గంటలవరకు వానిని ముట్టరాదు. కారు ప్రయాణమును పనియని యొప్పుకొన్నప్పుడు మాత్రమే ఈ కాపుదల పనిచేయును. ప్రయాణము పని కాదన్నచో సూత్రమంతయు నీరుగారిపోవును.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. 2025 డిసెంబరు మొదటివారమున, నడపువారి క్రొత్త విశ్రాంతి నియమములకు సరిపడ మనుష్యులను సమకూర్చుకొనకపోవుటచే ఇండిగో సంస్థవారి విమానములు వేలకొలది రద్దయినవి. పెండ్లిండ్లకు పోవలసినవారును, పరీక్షలకు పోవలసినవారును నేలమీద పరుండిరి. సర్కారువారు కొన్ని నియమములను తాత్కాలికముగా సడలింపవలసివచ్చెను. 'చూచితిరా, విశ్రాంతి విశ్రాంతి యనిన ఫలమిది. మెకానిక్కులకును ఇట్టివే పెట్టినచో దేశమే నిలిచిపోవును' అని కొందరనిరి. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. నేలమీద పరుండిన వృద్ధుల కష్టము కష్టమే. కాని యా నియమములు ఒక్క రాత్రిలో ఊడిపడినవి కావు. 2024 జనవరిలోనే వానిని ప్రకటించియుండిరి. నారు పోయక నాట్లవేళ వానను తిట్టిన రైతును మనము సమర్థింతుమా? మనుష్యులు చాలనిచో మనుష్యులను తయారుచేయవలెను. ఉన్నవారిని రెండింతలు సాగదీయుట తయారుచేయుట కాదు.

రెండవ ప్రతివాదము మెకానిక్కునుండియే వచ్చును. ఇది నన్ను ఎక్కువ కలతపెట్టును. బయటియూరి పనికి బత్తెమున్నది. ఓవర్‌టైమునకు అధికపు కూలి యున్నది. ఇంటివద్ద చెల్లెలి పెండ్లి బాకీయున్నది. చదివించుటకు అమ్మిన అరయెకరము మరల కొనవలెనను నాశ యున్నది. మన తట్టునుండి శంషాబాదునకును, గల్ఫుదేశములకును పోయిన యంత్రపు పనివాండ్ర యిండ్లలో ఈ బాకీలను నేనెరుగుదును. అట్టివానికి 'నీవు నేడు పరుండుము' అన్నచో, 'నా బత్తెము కోసితిరి' యని వినబడును. కావున విశ్రాంతి గంటలకు కూలి తగ్గకుండ చూచినగాని విశ్రాంతి నియమము నిజముగా నడువదు. ప్రయాణపు గంటలకు కూలి యీయనివారు, ఆ గంటలలో మనుష్యుడలయుటలేదని తమకుతామే నమ్మించుకొనుచున్నారు. కూలి యిచ్చినచో గుర్తింపవలసివచ్చును గదా!

రైలువారి నుండి ఇందొక మాట నేర్చుకొనదగును. విజయవాడలోను, కాజీపేటలోను రైలింజను నడపువారికి రన్నింగు రూములని కలవు. దూరమునుండి బండి తెచ్చినవాడు అచ్చట స్నానముచేసి, భోజనముచేసి, మంచముమీద పరుండి, లేచినపిమ్మటనే మరల బండి యెక్కవలెను. ఆ గదులలో లోపములు లేవని కాదు. నడపువారి మొరలు ఇప్పటికిని వినబడుచునే యున్నవి. అయినను పరాయియూరికి వచ్చిన పనివానికి మంచము కూడ పనిముట్టులలో నొకటియని రైలువారు ఆవిరిబండ్ల కాలముననే తెలిసికొనిరి. పానాల పెట్టెను కారులో పెట్టి పంపువారు మంచమును కూడ లెక్కలో చేర్పవలెను. నడిరాత్రి చేరినవానిచేత వెంటనే పని మొదలిడింపక, మంచము చూపవలెను. విమానము తెల్లవారువరకు నిలువలేనిచో, అచ్చటనే నిద్రించి లేచిన వేరొక లైసెన్సు గలవాడు వచ్చి ప్రతి బోల్టును సరిచూచినగాని సంతకము చెల్లరాదు. ఇది ఖర్చు. అవును, ఖర్చే. గాజుపలక ఊడిపోవుటకూడ ఖర్చే.

ఇక మన యింటి సంగతి. పరీక్షలముందు 'మావాడు రెండు రాత్రులు కన్నుమూయలేదండీ' యని తండ్రులు మీసము దువ్వి చెప్పుకొనుట నేను ప్రతి సంవత్సరము వినుచున్నాను. ఆ పిల్లవాడు పరీక్షలో కూడికలో తప్పుచేసినచో నాలుగు మార్కులు పోవును, అంతియే. కాని నిద్ర మానుట శౌర్యమని వాడిచ్చట నేర్చుకొనిన పాఠమును రేపు విమానపు రెక్కక్రింద అప్పగించును. పై యధికారి యడిగినప్పుడు 'నేనలసియున్నాను, ఈ రాత్రి సంతకము చేయను' అనుటకు వానికి నోరు రాదు. అట్లనుట పిరికితనమని మనమే వానికి చెప్పియుంటిమి. వరికోతల కాలమున యంత్రము నడపుచు మూడురాత్రులు మేల్కొనినవానిని కూడ మనమిట్లే పొగడుచున్నాము. పొగడి, వాడు చేనిగట్టున నిద్రపోయి పడినపిమ్మట విధియని నిట్టూర్చుచున్నాము.

విమానపు మరమ్మతు పని నేర్వదలచు విద్యార్థులను నేను వలదనను. ఇంటరులో గణితమును భౌతికశాస్త్రమును చదివి, డైరెక్టరేటువారి పరీక్షలలో నుత్తీర్ణులై లైసెన్సు పొందిన బాలురకును బాలికలకును ఈ వృత్తి గౌరవమైనది. ఉద్యోగమునకు పోవునప్పుడు జీతమెంతయని అందరును అడుగుదురు. మీరు మరియొకటి యడుగుడు: బయటియూరికి పంపినప్పుడు దారిలో గడచు గంటలను పనిగంటలలో వ్రాయుదురా, వ్రాయరా? చేరినపిమ్మట పరుండుటకు చోటెక్కడ? ఇట్లడిగినచో ఉద్యోగము చేజారునేమోయని తలిదండ్రులు భయపడుదురు. వారి భయము నిష్కారణము కాదు. అందువలన నోటితో వాదింపక, పనివేళల నియమములు గల కాగితమొకటి చదువుకొనుటకిమ్మని కోరుడు. ఇచ్చినచో దానిలో ప్రయాణమను మాట యెచ్చటనున్నదో వెదకుడు.